ముఖం చూశాను

3వ తేదీ, సోమవారం

మా ఆవిడ వాళ్ళక్కయ్య ఇంటికి వెళ్ళి ఇవాల్టికి ఇరవై ఆరు రోజులు. వచ్చే వారం వచ్చేస్తుంది.

ఆఫీసులో నలభై ఒక్క ఎర్ర గుర్తులు. దరఖాస్తుల కాలం, తెమలదు. ఎవరివో కార్డులు, ఎవరివో పేర్లు పెట్టుకుని, చదవని చదువులకు ప్రభుత్వ సాయం అడిగేవాళ్ళు ప్రతి ఏడూ పెరుగుతున్నారు. కంప్యూటరుకు అనుమానం వస్తే ఎర్ర గుర్తు పెట్టి నా మీదికి తోస్తుంది. నేను ఆ విద్యార్థిని వీడియోలో పిలవాలి. ముఖం చూపించమనాలి, తల ఎడమకీ కుడికీ తిప్పమనాలి, కార్డు చెంప పక్కన పట్టుకోమనాలి. అప్పుడు రెండు గళ్ళలో టిక్కు పెడతాను. ఒకటి 'ముఖం చూశాను'. రెండోది 'కార్డుతో పోల్చాను'. రెండూ పడితేనే సాయం కదులుతుంది. కెమెరా లేనివాళ్ళు స్వయంగా ఆఫీసు కిటికీ దగ్గరికి రావాలి. మినహాయింపు లేదు.

ఇంతే నా ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా, మొదట కిటికీలోంచి, ఇప్పుడు తెర మీద, మనుషుల ముఖాలు చూస్తున్నాను. ఒక్కరైనా నా ముఖం చూసి బాగున్నారా అన్న పాపాన పోలేదు.

ఇవాళ ఒకడు తన బదులు వాళ్ళన్నయ్యను కూర్చోబెట్టాడు. మీసం తీసేస్తే తమ్ముడైపోతాడని వాళ్ళ లెక్క. ఇంకొకడు ఫొటో ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తల తిప్పమంటే ఫొటోను తిప్పాడు. ఎంత నవ్వొచ్చిందో. ఇంటికొచ్చి చెప్పబోయి, తాళం తీశాక గుర్తొచ్చి, టీవీ పెట్టుకున్నాను.

4వ తేదీ

గుడ్లు మాడిపోయాయి.

6వ తేదీ, గురువారం

ఎర్ర గుర్తు ఫైలు ఒకటి. నర్సింగ్ మొదటి సంవత్సరం అమ్మాయి. ఫోన్ నంబరు కొత్తది, అందుకే అనుమానం. వీడియోలో పిలిస్తే తెరంతా నలుపు, గొంతు మాత్రం వస్తోంది.

"కెమెరా పగిలిపోయింది సార్. మీరు వినిపిస్తున్నారు, నేనే కనిపించను."

"అయితే కిటికీకి రావాలమ్మా."

"రావాలంటే పోనూ రానూ రోజంతా పడుతుంది సార్. పొద్దున పూట బేకరీలో పని చేసుకుంటున్నాను, మానితే తీసేస్తారు." ఒక్క క్షణం ఆగింది. "మీ గొంతేంటి సార్ అలా ఉంది? జలుబు చేసిందా?"

జలుబు చేసి మూడు రోజులైంది. మా విభాగంలో పదకొండు మందిమి ఉన్నాం. పక్క సీటు ఆయన, మేం 'గడియారం' అంటాం, అయిదయ్యేదాకా నిమిషానికోసారి టైము చూస్తాడు, నేను తుమ్మితే కుర్చీ జరుపుకున్నాడు తప్ప నోరు తెరవలేదు. ఈ పిల్లకేం పట్టింది?

నిబంధన చెప్పి పెట్టేశాను. కొంచెం కరుకుగానే చెప్పాను.

7వ తేదీ, శుక్రవారం

మళ్ళీ ఫోన్ చేసింది. దరఖాస్తు గురించి కాదు. "మందు వేసుకున్నారా సార్?"

10వ తేదీ, సోమవారం

సార్ అంటే స్కూలు గుర్తొచ్చి భయమేస్తుందట, బాబాయ్ గారూ అని పిలవచ్చా అని అడిగింది. నీ ఇష్టం అన్నాను.

వాళ్ళింటి సంగతులన్నీ చెప్పింది. నేనూ ఏవేవో చెప్పాను. పన్నెండో ఏట కాలువలో కొట్టుకుపోబోయి, పంతానికి పోయి ఈత నేర్చుకున్న సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో. "తర్వాత? తర్వాత?" అని అడుగుతుంటే వచ్చేసింది. చూసుకుంటే ముప్ఫై ఎనిమిది నిమిషాలు. టీ చల్లారిపోయింది. చల్లారిన టీ కూడా బాగానే ఉంది.

11వ తేదీ, మంగళవారం

బేకరీ అమ్మాయి ఫైలు పాసైంది. రెండు టిక్కులూ పడ్డాయి.

12వ తేదీ, బుధవారం

ఫైల్లో కార్డు నకలు ఉంది. దాని మీద ఫొటో ఉంది. ఎనిమిదేళ్ళ కిందటిది, మసగ్గా ఉంది, రెండు జడల పిల్ల. ఫొటో అన్నాక ముఖం ఉంటుంది కదా. నేను చూశాను. 'ముఖం చూశాను' అనే ఉంది కాని, ఏ ముఖమో, ఎక్కడ చూడాలో ఆ గడిలో రాసిలేదు.

ఒక పేదపిల్ల బేకరీ పని పోగొట్టుకోకుండా కాపాడాను. అంతే జరిగింది.

13వ తేదీ

ఆవిడ వచ్చే వారం వస్తుంది.

18వ తేదీ, మంగళవారం

సాయం చేతికి అందిందట. పని అయిపోయింది కదా, ఇక ఫోన్ చేయదనుకున్నాను. చేసింది. పని కోసం మాట్లాడే పిల్ల అయితే మళ్ళీ ఎందుకు చేస్తుంది?

వాళ్ళ స్నేహితురాలి ఫైలు కూడా నా దగ్గరికే వస్తుందట. ఆ పిల్లకూ కెమెరా పని చేయదట. "చూద్దాంలే అమ్మా" అన్నాను. ఈ పిల్లలు ఫోన్లు కొనేటప్పుడు కాస్త చూసుకోవద్దూ.

ఇవాళ నలభై నిమిషాలు.

24వ తేదీ, సోమవారం

కిటికీ దగ్గరికి ఒక పిల్ల వచ్చింది. తెల్ల యూనిఫాం, చేతిలో కాగితాల కవరు, నిద్రలేని కళ్ళు.

"నా దరఖాస్తు కొట్టేశారండీ. నా పేరు మీద సాయం ఆల్రెడీ ఇచ్చేశామని మెసేజ్ వచ్చింది. నాకేం రాలేదు."

పేరు చూశాను. కార్డు నంబరు చూశాను. బేకరీ అమ్మాయి పేరే, బేకరీ అమ్మాయి నంబరే.

పాపం బేకరీ అమ్మాయి, తన పేరు ఎవరో కొట్టేశారని ఆ పిల్లకు తెలియనే తెలియదు. ఈ కిటికీ పిల్ల నా కళ్ళలోకి సూటిగా చూసి అబద్ధమాడుతోంది. పైగా దబాయింపు. "అయిదో తేదీలోగా ఫీజు కట్టకపోతే నా సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారు. రెండుసార్లు పరీక్ష రాసి తెచ్చుకున్న సీటండీ ఇది."

స్కూలు నుంచి ధ్రువపత్రం, పోలీసు స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నకలు తెమ్మని పంపేశాను. కోపంగా చూసి వెళ్ళింది. దొంగలే ముందు కోప్పడతారు. పంతొమ్మిదేళ్ళ అనుభవం నాది.

25వ తేదీ, మంగళవారం

బేకరీ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. సంగతి చెప్పాను.

"అమ్మో, నాకు భయంగా ఉంది బాబాయ్ గారూ. మీరున్నారు కాబట్టి సరిపోయింది."

అయినా నా డ్యూటీ నేను చేయాలి కదా, ప్రశ్నలు అడిగాను. కార్డు నంబరు పన్నెండంకెలూ ఊపిరి తీయకుండా చెప్పింది. స్కూల్లో చేరిన తేదీ, పదో తరగతి హాల్ టికెట్ నంబరు, తల్లి పుట్టిన సంవత్సరం, అన్నీ టకటకా చెప్పేసింది. ఒక్కటి తప్పితే ఒట్టు. ఇంకేం కావాలి ఎవరికైనా?

భయపడకు, నేను చూసుకుంటాను అన్నాను. చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్ర పట్టింది.

27వ తేదీ, గురువారం

కిటికీ పిల్ల కాగితాలన్నీ తెచ్చింది. ముద్రలు సరిగ్గానే ఉన్నాయి. ముద్రలదేముంది, ఎవరైనా వేయించుకుంటారు.

కార్డు నంబరు చెప్పమన్నాను. మొదటి నాలుగంకెలు చెప్పి ఆగిపోయింది. కవరులోంచి కార్డు తీసి చూడబోయింది. "చూడకుండా చెప్పాలమ్మా" అన్నాను. స్కూల్లో చేరిన తేదీ అడిగాను. "గుర్తులేదండీ." హాల్ టికెట్ నంబరు. "అది మూడేళ్ళైందండీ, ఎవరికి గుర్తుంటుంది?" తల్లి పుట్టిన సంవత్సరం. "అమ్మకే సరిగ్గా తెలియదు."

దొరికిపోయింది. ఫైలు మీద 'అనుమానాస్పదం' అని రాసి ముద్ర వేశాను.

"నేను నేనేనండీ," అంది. "ఇంకెలా చెప్పాలి?"

ఆ కార్డు నకలు ఎవరికైనా ఇచ్చావా అని అడగాల్సింది. అడగలేదు. అడిగితే ఏ ఫారాలు నింపే షాపులోనో వదిలేశాననేది. అందరూ అక్కడే వదిలేస్తారు.

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. గడియారం "అయిదైంది, లేవయ్యా" అన్నాడు.

28వ తేదీ, శుక్రవారం

రక్తపోటు చూపించుకుందామని ఆసుపత్రికి వెళ్ళాను. కౌంటర్ దగ్గర కూర్చున్న ఆమె కార్డు నంబరు చెప్పండి అంది. మొదటి నాలుగంకెలు చెప్పాను. తర్వాత రాలేదు. జేబులు తడుముకుని కార్డు తీసి చూసి చెప్పాను. ఇంట్లో వాళ్ళ పుట్టిన తేదీ అడిగింది. ఆవిడది వానాకాలంలో అని తెలుసు. తేదీ తెలియదు.

"మీరేనా సార్ మీరు?" అని నవ్వింది ఆమె. సరదాకే అంది.

అక్కడి బెంచీ మీద కూర్చుండిపోయాను. నా టోకెన్ పిలిచినా లేవలేదు.

తన కార్డు తన దగ్గరుంటే ఎవరూ నంబరు కంఠతా పట్టరు. ఇంకొకరిది అయినప్పుడే పట్టాలి. ఇది నాకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణలో నేనే చెప్పే మాట.

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీంచే ఫోన్ చేశాను. "ఒక్కసారి కిటికీకి రామ్మా. ఒక్క అయిదు నిమిషాలు. దారి ఖర్చులు నేనిస్తాను."

"అలాగే బాబాయ్ గారూ, సోమవారం వస్తాను. మీకోసం కేకు తెస్తాను."

వస్తానంది. తప్పకుండా వస్తానంది.

29వ తేదీ

ఫోన్ స్విచాఫ్.

30వ తేదీ

స్విచాఫ్. ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది.

1వ తేదీ, సోమవారం

సాయంత్రం దాకా కిటికీ వదల్లేదు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ఎవరూ రాలేదు.

గడియారం నా ముఖంలోకి చూశాడు, మొదటిసారి. "ఏంటి, ఎవరి కోసం?" అన్నాడు. చెప్పాను, సగం సగం. ఆయన పగలబడి నవ్వాడు. "కెమెరా పగిలిన పిల్లా? నాకూ చేసేది కదయ్యా. మావయ్యా అనేది నన్ను. మోకాలి నొప్పి తగ్గిందా మావయ్యా అని రోజూ. కిటికీకి రా, నొప్పి చూపిస్తానన్నాను. మళ్ళీ చేయలేదు."

తర్వాత నవ్వడం ఆపేశాడు. "నువ్వు టిక్కు పెట్టలేదు కదా?"

సూపరింటెండెంట్ మేడమ్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆమె అరిస్తే బాగుండేది.

"ఒకే పేరు మీద ఇద్దరు ఉన్నట్టు ఫైలు విచారణకు పంపితే ఆరు నెలలు పడుతుంది. సీటు ఈ శుక్రవారం పోతుంది," అన్నారు.

"రెండో దారి లేదా మేడమ్?"

"ఉంది. తనిఖీ చేయకుండానే చేసినట్టు టిక్కు పెట్టానని, ఎందుకు పెట్టానో కారణంతో సహా మీరు వాంగ్మూలం రాసిస్తే, మొదటి మంజూరు అప్పటికప్పుడు రద్దు చేయొచ్చు. ఆ పిల్లకు అదే రోజు ఇవ్వొచ్చు. కాని ఆ దారిలో మీరు మిగలరు."

"సర్వర్ పని చేయలేదని రాస్తే?"

"అప్పుడు సర్వర్ మీద విచారణ. అదీ ఆరు నెలలే."

ఆలోచించుకుంటానని వచ్చేశాను. ఆరేళ్ళ సర్వీసుంది ఇంకా. ఒక్క సంవత్సరం ఆగితే ఆ పిల్ల మళ్ళీ పరీక్ష రాసుకోవచ్చు. రెండుసార్లు రాసినమ్మాయికి మూడోసారి ఒక లెక్కా.

ఈ పైమాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. రాసింది నేనే.

2వ తేదీ, మంగళవారం

ఆఫీసు నుంచి రాగానే ఆవిడకు ఫోన్ చేశాను. ఆవిడ వెళ్ళాక నేను చేయడం ఇదే మొదలు.

"ఏమైంది? ఒంట్లో బాగాలేదా?" అంది.

అంతా చెప్పాను. మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. అయ్యాక, "రోజూ ఎంతసేపు మాట్లాడేవారు?" అంది.

"అరగంట. ఒక్కోరోజు నలభై నిమిషాలు."

"అంతసేపు ఏం మాట్లాడేవారు?"

"ఏదో. చిన్నప్పటివి. కాలువలో ఈత నేర్చుకున్నది."

పెట్టేసిందనుకున్నాను.

"మీకు ఈతొచ్చా?" అంది.

వచ్చు అన్నాను.

"పెళ్ళై ఇరవై ఏడేళ్ళండీ. నేను ఏం చెప్పినా పేపర్లోంచి తల ఎత్తకుండా ఊఁ అనేవారు. గోడతో కాపురం చేయలేక వచ్చేశాను. మీకు మాటలు రావేమో, మనిషి తీరే అంత అనుకుని సరిపెట్టుకున్నాను." గొంతు మారింది. "వచ్చన్నమాట."

వచ్చే వారం వస్తావా అని అడుగుదామని ఫోన్ చేశాను. అడగలేదు. ఆవిడ వచ్చే వారం రాదు. ఆ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

పెట్టేసే ముందు అంది, "ఆ పిల్ల సీటు మాత్రం పోనివ్వకండి."

3వ తేదీ, బుధవారం

వాంగ్మూలం రాశాను. అన్నీ తొందరగానే అయిపోయాయి, 'తనిఖీ చేయకపోవడానికి కారణం' దగ్గరే ఆగాను. పని ఒత్తిడి అని రాసి కొట్టేశాను. జాలిపడ్డాను అని రాసి కొట్టేశాను. మేడమ్ కొత్త ఫారం ఇచ్చారు.

అందులో ఇలా రాశాను: 'ఆమె నాతో రోజూ మాట్లాడేది. నేను మాటకు మొహం వాచి ఉన్నాను. ముఖం చూపించమని గట్టిగా అడిగితే ఆమె ఫైల్లో ఉన్న మనిషి కాదని తేలుతుందేమోనని, తేలితే ఆ మాటలు ఆగిపోతాయని భయపడి అడగలేదు. అసలు విద్యార్థిని కిటికీకి వచ్చినప్పుడు ఆమెనే దొంగ అన్నాను. అది పొరపాటు కాదు, నేను అలా నమ్మాలనుకున్నాను.'

మేడమ్ చదివారు. "ఇలాగే పంపమంటారా?"

"పంపండి మేడమ్."

"రేపు సాయంత్రం దాకా పని చేయండి. సస్పెన్షన్ ఉత్తర్వు అప్పటికి వస్తుంది." కాసేపాగి, "భోంచేసి వెళ్ళండి," అన్నారు. కూర్చుని తిన్నాను. తింటూ, బేకరీ అమ్మాయి చెప్పిన స్నేహితురాలి ఫైలు గురించి చెప్పాను. దాన్ని గడియారానికి మార్చారు.

4వ తేదీ, గురువారం

కిటికీ పిల్ల పదింటికే వచ్చింది. తనిఖీ గడియారం చేశాడు. అద్దానికి దగ్గరగా వంగి, కళ్ళజోడు సర్దుకుని, తల ఎడమకీ కుడికీ తిప్పించి, ముఖంలోకి ఇంతసేపు చూశాడు. టైము చూసుకోలేదు. మధ్యాహ్నానికి ఫీజు కాలేజీకి చేరింది. రసీదు తెర మీద కనిపించింది. సీటు నిలబడింది.

ఎవరి పేరు వాడుకున్నారో వాళ్ళకు వాంగ్మూలం నకలు ఇచ్చి సంతకం తీసుకోవాలి. అది రాసినవాడే ఇవ్వాలి. కిటికీలోంచి అందించాను. నిలబడే చదివింది. కారణం దగ్గర వేలు పెట్టి రెండోసారి చదివింది. క్షమించమని అడుగుదామనుకుని ఇంటి దగ్గర నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. "తప్పు చేశానమ్మా" అని మాత్రం అనగలిగాను.

"మా అమ్మ కూడా ఒకసారి అడిగింది, నిజంగానే నువ్వు తీసుకోలేదు కదా అని," అంది. "మా అమ్మే."

నేను తల దించుకున్నాను.

"నా పేరుతో ఆమె మీతో ఏం చెప్పేది?"

"బేకరీలో పని అనేది. హాస్టల్ సంగతులు."

"ఇంకా?"

"మీ నాన్న గురించి."

"మా నాన్న మమ్మల్ని వదిలేసి పదకొండేళ్ళైంది. ఎక్కడున్నాడో కూడా తెలియదు." కవరు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "ఏం చెప్పేది?"

చెప్పాలో వద్దో తెలియలేదు. కాని ఈ పిల్లకు ఇక అబద్ధం చెప్పే హక్కు నాకు లేదు.

"రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తాడని. హాస్టల్‌కి చేరావా, తిన్నావా అని అడుగుతాడని. పరీక్ష ముందు రోజు నీకంటే ఆయనకే ఎక్కువ భయమని."

సంతకం పెట్టింది. పెన్ను తిరిగి ఇచ్చింది. వెనక క్యూలో వాళ్ళు గొణుగుతున్నారు, అయినా కదల్లేదు.

"ఏమని పిలిచేవాడట?"

"చిట్టీ అని."

ఆ మాటను పైకి వినపడకుండా పెదవులతో ఒకసారి అనుకుని చూసుకుంది. తర్వాత కాగితం మడిచి కవరులో పెట్టుకుని, పక్కకు తప్పుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.